కౌలు గడువు, బ్యాంకు లోను, హాంకాంగ్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఒక పాఠకుడు హాంకాంగ్ డాలర్ ఎందుకు ఎప్పుడు చూసినా అమెరికా డాలర్‌కి 7.80 దగ్గరే తిరుగుతుందని అడిగితే, 1983లో అలా కట్టేశారని నాలుగు లైన్లు రాసి ఊరుకున్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు, మెయిళ్ళు వస్తాయనుకోలేదు. అందుకని ఈసారి పేజీలన్నీ హాంకాంగ్‌కే. నేను బ్యాంకులో విదేశీ మారకం డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఈ కథని ఎక్కువగా డబ్బు వైపు నుంచే చూస్తాను. ఒక ప్రాంతం రేపు ఏమవుతుందో తెలీనప్పుడు బయటి వ్యాపారస్తులకి ధైర్యం చెప్పడం ఎంత కష్టమైన పనో, అందులో ఎవరు ఎక్కడ నెగ్గారో ఎక్కడ తప్పారో హాంకాంగ్‌లో కనబడినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ప్రశ్న: మా అబ్బాయి హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే ఫ్లాట్ కొందామని చూస్తే కాగితాల్లో లీజు 2047 జూన్ 30 వరకే అని ఉందట. అసలు ఒక ఊరికి గడువు తేదీ ఏంటండీ, కొనమనాలా వద్దనాలా? (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, ఊరికి గడువు తేదీ ఏంటని మీరడిగారే, 1970ల చివర్లో హాంకాంగ్ బ్యాంకర్లు, బిల్డర్లు పట్టుకున్నది కూడా సరిగ్గా ఆ ప్రశ్ననే. ఫ్లాట్ సంగతి ఆఖర్లో చెప్తాను, ముందు పాత తేదీ కథ వినండి, అది తెలిస్తేగానీ ఈ 2047 ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు.

హాంకాంగ్ మొత్తం ఒక్కసారిగా బ్రిటన్ చేతికి రాలేదు. మొదటి నల్లమందు యుద్ధం అయ్యాక 1842లో ద్వీపాన్ని, ఆ తర్వాత 1860లో ఎదురుగా ఉన్న కౌలూన్ కొనని శాశ్వతంగా రాయించుకున్నారు. కానీ 1898లో ఆ పైనున్న పెద్ద భాగం, న్యూ టెరిటరీస్ అంటారు, దాన్ని మాత్రం 99 ఏళ్ళ కౌలుకి తీసుకున్నారు, అదీ కౌలు డబ్బు ఏమీ లేకుండా. 1898 జూలై 1 నుంచి లెక్క మొదలు, 1997 జూన్ 30తో సరి. మొత్తం హాంకాంగ్ నేలలో 90 శాతం పైన ఈ కౌలు భూమే, కంటెయినర్ పోర్టు అక్కడే, పెద్ద రిజర్వాయర్లు అక్కడే, కాబట్టి శాశ్వతంగా వచ్చిన ముక్కని ఉంచుకుని మిగతాది వెనక్కి ఇచ్చేస్తే ఊరు బతకదు.

ఇప్పుడు మన పొలాల లెక్కలో చూడండి. కౌలుకి తీసుకున్న పొలాన్ని మళ్ళీ ఇంకొకరికి కౌలుకిస్తే మన గడువు దాటి ఇవ్వలేం కదా. హాంకాంగ్ ప్రభుత్వం కూడా అంతే, న్యూ టెరిటరీస్‌లో ఎవరికి స్థలం లీజుకిచ్చినా అసలు కౌలు కంటే మూడు రోజులు ముందు, అంటే 1997 జూన్ 27కి అయిపోయేలా రాసేది. ఫ్లాట్ మీద బ్యాంకు 15 ఏళ్ళ లోను ఇస్తుందనుకోండి, 1982 వచ్చేసరికి లోను గడువు, లీజు గడువు ఒకచోటికి వచ్చేస్తాయి, ఆ తర్వాత ఏ బ్యాంకు మేనేజర్ సంతకం పెడతాడు? నేనైతే పెట్టను.

అందుకే 1979 మార్చిలో గవర్నర్ ముర్రే మాక్లెహోస్ బీజింగ్ వెళ్ళి అప్పటి చైనా అగ్రనాయకుడు డెంగ్ షియావోపింగ్‌ని కలిసినప్పుడు ఈ లీజుల ముచ్చట ఎత్తాడు. సార్వభౌమత్వం లాంటి పెద్ద మాట ఎత్తకుండా, ఏదో ఆఫీసు కాగితాల సమస్యలాగా లీజుల్లో తేదీ తీసేస్తాం అని చిన్నగా దాటేద్దామనుకున్నారు. డెంగ్ దానికి ఒప్పుకోలేదు. హాంకాంగ్ చైనాదే, కాకపోతే దాని ప్రత్యేకత కాపాడతాం, పెట్టుబడి పెట్టేవాళ్ళని మనసు కుదుటపెట్టుకోమనండి అన్నాడు. గవర్నర్ తిరిగొచ్చి ఆ ఆఖరి మాట ఒక్కటే ఊరికి చెప్పాడు, మొదటి సగం చెప్పలేదు. ఊరు సంబరపడింది, స్థలాల ధరలు, షేర్లు రెండూ ఎగబాకాయి. ఆ పరిస్థితిలో ఆయనకి వేరే దారి లేదనే వాళ్ళున్నారు, నాకు మాత్రం అక్కడే మొదటి తప్పు జరిగిందనిపిస్తుంది, ఎందుకంటే సగం కబురు మీద కట్టుకున్న నమ్మకం రెండో సగం బయటపడ్డ రోజున రెట్టింపు వేగంతో కూలింది.

ప్రశ్న: బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ మెట్ల మీద జారిపడితే హాంకాంగ్ షేర్ మార్కెట్ పడిందని చదివాను, నిజమేనా సార్? ఆ 7.80 రేటుకీ దీనికీ సంబంధం ఉందా? (సివిల్స్‌కి చదువుతున్న విద్యార్థి, వరంగల్)

జవాబు: జారిపడ్డది నిజమే తమ్ముడూ. 1982 సెప్టెంబర్ 24న డెంగ్‌తో మాట్లాడి బీజింగ్‌లోని పార్లమెంటు భవనం, గ్రేట్ హాల్ ఆఫ్ ది పీపుల్ నుంచి బయటికొస్తూ మెట్ల మీద తూలి మోకాళ్ళ మీద పడింది, ఆ దృశ్యం టీవీలో ఊరంతా చూసింది. కానీ మార్కెట్ పడింది లోపల జరిగిన మాటలకి. ఆవిడ అప్పుడే ఫాక్లండ్స్ యుద్ధం గెలిచి వచ్చింది, 1842, 1860 ఒప్పందాలు చట్టప్రకారం చెల్లుతాయి అంటుంది, ఆయనేమో ఆ ఒప్పందాలే చెల్లవు, 1997లో మొత్తం తీసుకుంటాం అంటాడు. ఇద్దరూ అధికార ప్రకటనలో మాత్రం హాంకాంగ్ స్థిరత్వం, సౌభాగ్యం కాపాడటమే మా ఉమ్మడి లక్ష్యం అని రాయించారు. పెట్టుబడిదారులకి ఆ ఉమ్మడి లక్ష్యం కంటే ఉమ్మడి కాని సంగతే బాగా వినబడింది.

ఆ తర్వాత 1983లో బ్రిటన్, చైనాల మధ్య అధికారుల స్థాయిలో చర్చలు మొదలయ్యాయి. లోపల ఏం మాట్లాడుకున్నదీ బయటికి చెప్పేవాళ్ళు కాదు, ప్రతి విడత అయ్యాక రెండు లైన్ల ప్రకటన వచ్చేది, చర్చలు ఉపయోగకరంగా, నిర్మాణాత్మకంగా జరిగాయి అని. ఊరంతా ఆ రెండు విశేషణాల కోసం కాచుకుని ఉండేది. సెప్టెంబర్ 22, 23 తేదీల్లో నాలుగో విడత అయింది, ప్రకటన వచ్చింది, అందులో ఆ మాటలు లేవు. అంతే. సెప్టెంబర్ 24 శనివారం, ఆ రోజుని ఇప్పటికీ బ్లాక్ సాటర్‌డే అంటారు, అమెరికా డాలర్‌కి 9.6 హాంకాంగ్ డాలర్ల దాకా పడిపోయింది. 1982 ఆఖర్లో అది ఆరున్నర దగ్గర ఉండేది. జనం దుకాణాల మీదపడి బియ్యం, నూనె మోసుకెళ్ళారు, కొన్ని షాపులవాళ్ళు ధరలు అమెరికా డాలర్లలో చెప్పడం మొదలుపెట్టారు.

నేనప్పుడు మద్రాసులో చేసేవాణ్ణి, కొత్తగా చేరాను. సోమవారం పొద్దున టెలెక్స్ మెషిన్ రేట్లు కొడుతుంటే హాంకాంగ్ లైన్ దగ్గర మా ఆఫీసర్ కాగితం చింపి రెండుసార్లు చూసుకున్నారు, అంకె తప్పు పడిందేమోనని మళ్ళీ అడగమన్నారు, మళ్ళీ అదే వచ్చింది. మాకు ఒక కస్టమర్ ఉండేవారు, పెద్దాయన, విగ్గులకీ సవరాలకీ వెంట్రుకలు ఎగుమతి చేసేవారు, ఆయన బిల్లు ఒకటి హాంకాంగ్ డాలర్లలో ఉంది, డబ్బు ఇంకా రాలేదు. ఆ రేటుకి చూస్తే ఆయనకి రావలసిన రూపాయల్లో ఇంచుమించు ఐదో వంతు గాలికి పోయినట్టే. కౌంటర్ దగ్గర నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆ ఊళ్ళో యుద్ధం ఏమైనా వచ్చిందా బాబూ అని అడిగారు. లేదండీ, బీజింగ్‌లో మీటింగ్ అయిందట అన్నాను. మీటింగ్ అయితే డబ్బు పోవడమేంటని ఆయనకి అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ అర్థం కాలేదు. ప్రకటనలో రెండు మాటలు లేకపోతే మద్రాసులో ఒక ముసలాయనకి కూలి డబ్బులు కట్టడం కష్టమయ్యిందని తర్వాత చదివి తెలుసుకున్నాను, అప్పటినుంచీ ఏ ప్రభుత్వ ప్రకటన చూసినా ముందు అందులో ఏ మాట లేదో వెతకడం నాకు అలవాటైపోయింది.

మూడు వారాల తర్వాత, అక్టోబర్ 17 నుంచి 7.80 దగ్గర కట్టేశారు. ఎలాగంటే నోట్లు అచ్చేసే బ్యాంకులు ప్రతి 7.80 హాంకాంగ్ డాలర్ల నోట్లకీ ఒక అమెరికా డాలర్ ప్రభుత్వ ఎక్స్ఛేంజ్ ఫండ్‌లో కట్టాలి, నోట్లు వెనక్కిస్తే అదే లెక్కన డాలర్లు తీసుకోవచ్చు. అంటే మమ్మల్ని నమ్మండి అని అడగడం మానేసి, నమ్మకపోతే ఇదిగో మీ డాలర్ అని గల్లాపెట్టె తెరిచి చూపించారన్నమాట. మా పెద్దాయన బిల్లు నవంబర్‌లో తీరింది, ఆ రేటుకే.

ప్రశ్న: అంత పాత కంపెనీ జార్డిన్ మాథెసనే హాంకాంగ్ వదిలి వెళ్ళిపోయిందంటారు. మరి దౌత్యం వల్ల వ్యాపారస్తులకి నమ్మకం వచ్చిందని ఎలా అనగలం? (రిటైర్డ్ లెక్చరర్, తెనాలి)

జవాబు: మాస్టారూ, మంచి చోట పట్టుకున్నారు. జార్డిన్స్ 1984 మార్చి 28న తమ కంపెనీలన్నిటికీ పైనుండే హోల్డింగ్ కంపెనీని బెర్ముడాకి మారుస్తున్నామని ప్రకటించింది, అసలే గుబులుగా ఉన్న మార్కెట్ మీద అది పిడుగు పడ్డట్టయింది. కానీ గమనించండి, మార్చింది కంపెనీ చట్టపరమైన చిరునామాని. హోటళ్ళు, షాపులు, ఊరి వ్యాపార కేంద్రమైన సెంట్రల్‌లో బిల్డింగులు, వ్యాపారం అంతా అక్కడే ఉంది. హాంకాంగ్‌లోని పెద్ద బ్యాంకు హెచ్‌ఎస్‌బీసీ కూడా 1991లో లండన్‌లో హోల్డింగ్ కంపెనీ పెట్టుకుని, 1992లో మిడ్‌ల్యాండ్ బ్యాంకుని కొని, 1993లో హెడ్డాఫీసు లండన్‌కి మార్చింది. లాభం ఇక్కడ, దస్తావేజులు ఇంకోచోట. దీన్ని పారిపోవడం అనలేం, పూర్తి నమ్మకం అనీ అనలేం, ఒక కాలు గడప బయట పెట్టుకుని కూర్చోవడం అది.

మరి రెండో కాలు ఎందుకు లోపలే ఉంచారు? దానికి జవాబు 1984 డిసెంబర్ 19న థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ సంతకం చేసిన ఉమ్మడి ప్రకటనలో ఉంది, అందరూ దాని మొదటి పేజీలే చదువుతారు, 50 ఏళ్ళు మార్పు ఉండదు, ఒకే దేశం రెండు వ్యవస్థలు, సొంత కోర్టులు, సొంత కరెన్సీ అని. నాకు అసలు పని జరిగింది అనిపించేది మూడో అనుబంధంలో, అది పూర్తిగా భూమి లీజుల గురించి. 1997తో అయిపోయే లీజులు 2047 దాకా పొడిగిస్తారు, దానికి అదనపు ప్రీమియం కట్టక్కర్లేదు, ఏటా ఆ ఆస్తికి లెక్కగట్టిన అద్దె విలువలో 3 శాతం శిస్తు కట్టాలి. 1997 లోపు ప్రభుత్వం ఏటా 50 హెక్టార్లకి మించి కొత్త స్థలం అమ్మకూడదు, బ్రిటిష్ వాళ్ళు వెళ్ళేలోపు అంతా అమ్ముకుపోతారేమోనన్న చైనా అనుమానానికి అది తాళం. అమ్మిన స్థలాల మీద ఖర్చులు పోగా మిగిలిన ఆదాయంలో సగం రాబోయే ప్రభుత్వం కోసం పక్కన పెట్టాలి. ఎంత విడమరిచి రాశారో చూడండి. మాక్లెహోస్ 1979లో తెచ్చుకోలేకపోయిన జవాబు ఐదేళ్ళ తర్వాత శాతాలతో, హెక్టార్లతో, తేదీలతో వచ్చింది. 15 ఏళ్ళ లోను ఇవ్వడానికి బ్యాంకు మేనేజర్‌కి కావలసింది ఇదే. ఉపన్యాసం విని ఎవరూ లోను ఇవ్వరు.

ఇంకో పని పెద్దగా ఎవరికీ తెలీకుండా జరిగింది. హాంకాంగ్ అంటే ఎగుమతులు, వాచీలు, బట్టలు, బొమ్మలు. దాని కోటాలు, టారిఫ్‌లు అన్నీ బ్రిటన్ సభ్యత్వం నీడలో ఉండేవి, 1997 తర్వాత ఆ నీడ ఉండదు, చైనానేమో అప్పటికి గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో సభ్యురాలే కాదు. అందుకని 1986 ఏప్రిల్‌లో బ్రిటన్ ఒక ప్రకటన, చైనా ఒక ప్రకటన ఇచ్చి హాంకాంగ్‌ని గాట్‌లో సొంత సభ్యురాలిగా కూర్చోబెట్టాయి, ఆ తర్వాత 1995లో దాని స్థానంలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) పుట్టినప్పుడు కూడా మొదటి రోజు నుంచే సభ్యత్వం ఉంది. చైనాకి అది 2001లో గానీ రాలేదు. ఇలాంటి పనులు చేసింది 1985లో మొదలైన రెండు ప్రభుత్వాల ఉమ్మడి కమిటీ, జాయింట్ లైజాన్ గ్రూప్, 2000 దాకా నడిచింది, వందల కొద్దీ అంతర్జాతీయ ఒప్పందాల్ని ఒక్కొక్కటి తీసి ఇది 1997 తర్వాత వర్తిస్తుందా లేదా అని కూర్చుని తేల్చారు. విసుగు పుట్టించే పని. నాకు ఆ మనుషుల మీద చాలా గౌరవం ఉంది.

చైనా వైపు కూడా ఊరికే కూర్చోలేదు. హాంకాంగ్‌లో వాళ్ళకి ఎంబసీ లేదు కాబట్టి షిన్హువా వార్తా సంస్థ ఆఫీసే ఆ పని చేసేది, 1983లో వచ్చిన షూ జియాతున్ వ్యాపారస్తుల్ని ఒక్కొక్కరినే కలుస్తూ తిరిగాడు. ఓడల యజమాని వై.కె. పావో లాంటి వాళ్ళని బీజింగ్ పిలిచి మర్యాద చేసి మాట్లాడారు. అన్నిటికన్నా పెద్ద సూచన ఏంటంటే వాళ్ళ సొంత డబ్బే ఊళ్ళోకి తెచ్చారు, 1987లో చైనా ప్రభుత్వ సంస్థ సిటిక్ కాథే పసిఫిక్ విమాన కంపెనీలో 12.5 శాతం వాటా కొంది, 1990 నాటికి సెంట్రల్‌లో బ్యాంక్ ఆఫ్ చైనా 72 అంతస్తుల టవర్ లేచింది. రేపు ఊరిని పాడుచేసేవాడు ఇవాళ అందులో అంత డబ్బు పెట్టడు కదా అని జనం లెక్క వేసుకున్నారు.

ప్రశ్న: హాంకాంగ్ ఎయిర్‌పోర్టు ఒక రాజకీయ ప్రాజెక్టు అని మా ప్రొఫెసర్ అన్నారు. ఇంజనీరింగ్ కదా, రాజకీయం ఏముంది? (సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: మీ ప్రొఫెసర్ గారు చెప్పింది నిజమమ్మా. 1989 జూన్ 4న బీజింగ్‌లో తియానన్మెన్ దగ్గర నిరసనకారుల మీద కాల్పులు జరిగాయి, మర్నాడు ఒక్కరోజులో హాంకాంగ్ షేర్ మార్కెట్ హాంగ్‌సెంగ్ సూచీ 20 శాతం పైన పడింది, 1984 నుంచీ పోగేసుకున్న ధైర్యమంతా ఒక్క వారంలో పోయింది. ఆ అక్టోబర్‌లో గవర్నర్ డేవిడ్ విల్సన్ కొత్త విమానాశ్రయం, పోర్టులు, వంతెనలు, రోడ్లు కలిపి దాదాపు 12,700 కోట్ల హాంకాంగ్ డాలర్ల పథకం ప్రకటించాడు. దానికి రోజ్ గార్డెన్ అని పేరు పడింది. కాయ్ టాక్ పాత విమానాశ్రయం నిజంగానే చాలట్లేదు, మేడల మధ్యలోంచి విమానం దిగేది, అది వేరే సంగతి. కానీ ఆ సమయంలో ప్రకటించడానికి కారణం, 1997 దాటాక కూడా ఈ ఊరు ఉంటుందని సిమెంటుతో చెప్పడం.

చైనాకి అనుమానం వచ్చింది, ఖజానా ఖాళీ చేసి బ్రిటిష్ కాంట్రాక్టర్లకి పెట్టి వెళ్ళిపోతారా అని. విమానాశ్రయానికి తీసుకునే అప్పులు 1997 దాటి ఉంటాయి, కాబట్టి చైనా సరే అననిదే ఏ బ్యాంకూ అప్పివ్వదు. అక్కడ దొరికిపోయింది బ్రిటన్. 1991 సెప్టెంబర్ 3న ప్రధాని జాన్ మేజర్ స్వయంగా బీజింగ్ వెళ్ళి చైనా ప్రధాని లీ పెంగ్‌తో కలిసి సంతకం పెట్టవలసి వచ్చింది, తియానన్మెన్ తర్వాత అంతటి పాశ్చాత్య నాయకుడు అక్కడికి వెళ్ళడం అదే మొదలు, ఆ ఫోటో చైనాకి ఎంత కావాలో ఈ విమానాశ్రయం హాంకాంగ్‌కి అంత కావాలి. షరతుల్లో ముఖ్యమైనది, 1997లో అప్పగించేటప్పుడు ఖజానాలో కనీసం 2,500 కోట్ల హాంకాంగ్ డాలర్లు ఉండాలి. ఆ తర్వాత కూడా ఖర్చు ఎవరు ఎంత అని ఏళ్ళ తరబడి లాగి, చివరికి చెక్ లాప్ కోక్ విమానాశ్రయం 1998 జూలై 6న తెరుచుకుంది, బ్రిటిష్ జెండా దిగిన ఏడాదికి.

ప్రశ్న: మేము చాలా ఏళ్ళుగా హాంకాంగ్‌లో ఉన్న తెలుగు కుటుంబం. 1990లో బ్రిటన్ 50 వేల మందికి పాస్‌పోర్టులు ఇచ్చింది వాళ్ళని తీసుకెళ్ళడానికి కాదని విన్నాం, మరి ఎందుకు? ఇండియన్స్ సంగతేంటి? (ఒక పాఠకుడు, హాంకాంగ్)

జవాబు: వెళ్ళిపోయే హక్కు చేతిలో ఉంటే మనిషి ధైర్యంగా ఉండిపోతాడు, అదీ వాళ్ళ లెక్క. డాక్టర్లు, ఇంజనీర్లు, మేనేజర్లు, అధికారులు ఇలా ఊరు నడవడానికి కావలసిన 50 వేల కుటుంబ పెద్దలకి, వాళ్ళ భార్యాపిల్లలకి అక్కడే ఉండగానే పౌరసత్వం ఇచ్చారు. అప్పుడు ఏటా పదుల వేల లెక్కన జనం కెనడాకి, ఆస్ట్రేలియాకి వెళ్ళిపోతున్నారు, 1992లో అయితే ఆ ఒక్క ఏడాదే 66 వేల మంది దాకా వెళ్ళారు, ఎందుకంటే అక్కడి పాస్‌పోర్టు కావాలంటే ముందు అక్కడికి వెళ్ళి ఏళ్ళ తరబడి ఉండాలి. బ్రిటన్ ఆ షరతు పెట్టలేదు. తెలివైన పని, కానీ 50 వేలకే ఆపడం అన్యాయం, మిగతావాళ్ళ భయం ఏమైనా తక్కువా?

మనవాళ్ళ సంగతి ఇంకా కష్టంగా ఉండేది. తరాలుగా అక్కడే ఉన్న సింధీ, పంజాబీ, ఇంకా ఇతర భారతీయ కుటుంబాల్లో చాలామందికి ఇండియా పౌరసత్వం లేదు, చైనావాళ్ళు చైనా జాతి కాదు కాబట్టి వాళ్ళని తమ పౌరులుగా తీసుకోరు, బ్రిటన్ ఇచ్చిన కాగితంతో బ్రిటన్‌లో ఉండే హక్కు లేదు. అంటే 1997 జూలై 1 నుంచి ఏ దేశానికీ చెందనివాళ్ళవుతారు. ఏళ్ళ తరబడి అడిగితే, అప్పగింతకి కొన్ని నెలల ముందు, 1997 మార్చిలో చట్టం చేసి పూర్తి పౌరసత్వం ఇచ్చారు. నేథన్ రోడ్డులో బట్టల కొట్టు పెట్టుకున్న ఒక కుటుంబానికి అన్నిటికన్నా ముందు కావలసిన భరోసా అదే, అదే అందరికంటే ఆఖర్న వచ్చింది.

ప్రశ్న: ఇంత చేసి చివరికి ఏమైంది? 2020లో అంతా పోయిందిగా. మరి ఈ ఒప్పందాలకి విలువ ఏముంది? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ అంతా పోయింది అని ఒక్కమాటలో తోసెయ్యలేను. కాగితం ఎంత బాగా రాసినా దాన్ని తర్వాత అమలు చేయించేవాళ్ళు ఎవరన్నది కాగితంలో రాయలేదు, 1984లో లోపం అక్కడుంది. ఉమ్మడి ప్రకటనని ఐక్యరాజ్యసమితిలో రిజిస్టర్ చేశారు, కానీ తగాదా వస్తే తీర్పు చెప్పే మధ్యవర్తి లేడు. దాని రుచి అప్పగింతకి ముందే తెలిసింది. 1992లో గవర్నర్ క్రిస్ పాటెన్ ఎన్నికల సంస్కరణలు ప్రతిపాదిస్తే, ఆ నవంబర్ 30న చైనా తమ అంగీకారం లేని కాంట్రాక్టులు, లీజులు 1997 జూన్ 30 తర్వాత చెల్లవని ప్రకటించింది, మార్కెట్ మళ్ళీ పడింది, తొమ్మిదో కంటెయినర్ టెర్మినల్ ఏళ్ళ తరబడి ఆగిపోయింది. నమ్మకాన్ని కాపాడే కాగితాన్నే బెదిరింపుగా వాడొచ్చని అందరికీ తెలిసిన రోజు అది. నా మటుకు నాకు పాటెన్ చేసింది తప్పు కాదనిపిస్తుంది, ఓటు హక్కు గురించి అప్పటికే చాలా ఆలస్యమైంది, దాన్ని 1984లోనే గట్టిగా రాయించుకోవలసింది. లీజుకి 3 శాతం అని రాసినంత స్పష్టంగా ఎన్నిక ఎలా జరగాలో రాయలేదు, వ్యాపారస్తులు ఏది గట్టిగా అడిగారో అదే గట్టిగా వచ్చింది.

2017 జూన్ 30న చైనా విదేశాంగ ప్రతినిధి ఆ ఉమ్మడి ప్రకటన ఒక చారిత్రక పత్రమని, దానికిప్పుడు ఆచరణలో అర్థం లేదని అన్నాడు. 2019లో లక్షల మంది రోడ్డెక్కారు, 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టం వచ్చింది, జూలైలో అమెరికా 1992 చట్టం కింద హాంకాంగ్‌ని వేరుగా చూసే పద్ధతి ఆపేసింది. పత్రికలు మూతపడ్డాయి, ఎన్నికైనవాళ్ళు జైలుకెళ్ళారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఊరి మాట నమ్మి ఉండిపోయిన మామూలు మనుషులు ఎక్కువ నష్టపోయారు. అయినా బ్యాంకు వైపు చూస్తే 7.80 కట్టు అలాగే ఉంది, 2005 నుంచి 7.75కీ 7.85కీ మధ్య తిరగనిస్తున్నారు, అంతే. 2022 నవంబర్‌లో పెద్ద పెద్ద బ్యాంకుల అధిపతుల్ని పిలిచి సదస్సు పెట్టారు, 2023 ఫిబ్రవరిలో హాంకాంగ్ అధినేత జాన్ లీ సౌదీ, ఎమిరేట్స్ వెళ్ళి మా ఊరికి రండి అని అడిగొచ్చాడు. 1979లో లండన్, బీజింగ్ చేసిన పనే ఇప్పుడు హాంకాంగ్ సొంతంగా చేసుకుంటోంది. వచ్చినవాళ్ళు షేర్లు కొంటారు, అమ్ముతారు. కోర్టులో న్యాయమూర్తి ఎవరి మాట వింటాడన్న ప్రశ్న మాత్రం ఏ సదస్సులోనూ తీరదు, కంపెనీలు తమ లాయర్ల దగ్గర అది అడుగుతూనే ఉంటాయి.

ఇక రాజమహేంద్రవరం అమ్మగారికి. మీ అబ్బాయి కాగితాల్లో ఉన్న 2047 జూన్ 30 ఆ మూడో అనుబంధం నుంచి వచ్చిందే. దాని గురించి ఈసారి హాంకాంగ్ ముందే మేలుకుంది, 2024 జూలై 5 నుంచి ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, మామూలు లీజులు గడువు అయ్యాక ఇంకో 50 ఏళ్ళు పొడిగించడానికి పద్ధతి పెట్టారు, అదనపు ప్రీమియం లేదు, శిస్తు మళ్ళీ అదే 3 శాతం. అయితే కొన్ని రకాల లీజులు దీనికిందికి రావు, పొడిగించబోని వాటి జాబితా గడువుకి ఆరేళ్ళ ముందు గెజిట్‌లో వేస్తారు. కాబట్టి వాణ్ణి లీజు రకం ఏంటో ఒక లాయర్‌కి చూపించమనండి, బ్యాంకు ఎన్నేళ్ళకి లోను ఇస్తానంటుందో అడగమనండి. ఆ గడువు 2047 దాటి వెళ్తే బ్యాంకుకి ఆ కాగితం మీద ఎంత నమ్మకం ఉందో మీకే తెలుస్తుంది. అక్కడ ఎన్నేళ్ళు ఉందామనుకుంటున్నాడో మాత్రం మీరే కూర్చోబెట్టి అడగండమ్మా, అది లాయర్ చెప్పలేడు.